పొగ ఊదిన గోడ, తాళ్లతో దిగిన బంతి

న్యూయార్క్‌లో బ్రాడ్‌వే రోడ్డు మీద, 44వ వీధి దగ్గర, క్లారిడ్జ్ అని ఒక హోటల్ ఉండేది. దాని గోడ మీద ఒక మనిషి 1941 డిసెంబరులో సిగరెట్ తాగడం మొదలుపెట్టి 1966 దాకా ఆపలేదు. నాలుగు సెకన్లకొకసారి అతని నోట్లోంచి తెల్లటి రింగు ఒకటి బయటికొచ్చేది. వీధి మీదుగా తేలుకుంటూ, వెడల్పవుతూ, ఒక్కోసారి పదిహేనడుగుల వలయమై, ఆ తర్వాత విచ్చిపోయేది. కింద టైమ్స్ స్క్వేర్‌లో నడిచేవాళ్లు ఆగి తలెత్తి చూసేవాళ్లు. ఒకటి చూశాక ఇంకొకటి వస్తుందని మరో నాలుగు సెకన్లు నిలబడేవాళ్లు. ప్రకటన ఇచ్చిన క్యామెల్ సిగరెట్ల కంపెనీకి కావలసింది ఆ నాలుగు సెకన్లే.

అది పొగ కాదు, ఆవిరి. భవనాన్ని వెచ్చగా ఉంచడానికి గొట్టాల్లో తిరిగే ఆవిరిని కొంత మళ్లించి, బోర్డు వెనక ఒక పెట్టెలోకి పట్టేవారు. పెట్టెకు ఒకవైపు బొమ్మ నోరు, అంటే గుండ్రటి కన్నం. రెండోవైపు బిగించి కట్టిన పొర. పిస్టన్ వచ్చి ఆ పొరను ఠక్కున నెడితే ఆవిరి కన్నంలోంచి ఒక్క ఊపున బయటపడేది. కన్నం అంచుకు ఒరుసుకున్న ఆవిరి కాస్త వెనకబడుతుంది, నడిమి ఆవిరి ముందుకు దూసుకుపోతుంది. ఆ తేడా వల్ల ఆవిరి తన చుట్టూ తానే చుట్టుకుని రింగవుతుంది. నోటితో రింగులు వదిలే మనిషి చేసేదీ ఇదే. దాన్ని వానకూ మంచుకూ తట్టుకుని, దాదాపు పాతికేళ్లు ఆగకుండా పనిచేసే యంత్రంగా మలచడమే అసలు కష్టం.

ఆ ఊహ డగ్లస్ లీ అనే అమ్మకపు మేధావిది. దాన్ని ఇనుములో, రేకులో, గొట్టాల్లో నిజం చేసింది మాత్రం ఆర్ట్‌క్రాఫ్ట్ స్ట్రాస్ అనే కుటుంబ కంపెనీ. టైమ్స్ స్క్వేర్ పేరు చెబితే ప్రపంచానికి గుర్తొచ్చే కదిలే బోర్డుల్లో చాలా భాగం ఆ కంపెనీ వర్క్‌షాపులోనే పుట్టాయి. లీ పేరు పుస్తకాలకెక్కింది. రేకు కోసినవాళ్ల పేర్లు, గాజు వంచినవాళ్ల పేర్లు ఎక్కలేదు. అందుకే ఈ పూట ముందుగా వర్క్‌షాపు సంగతే.

1897లో బెంజమిన్ స్ట్రాస్ అనే ఆయన న్యూయార్క్‌లో బోర్డులు రాసే వ్యాపారం పెట్టాడు. బ్రష్షు, రంగు, నిచ్చెన, అప్పటికి పెట్టుబడి అదే. పదేళ్లకు యుక్రేన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన జేకబ్ స్టార్ అనే యువకుడు ఆ పనిలోకి వచ్చాడు. అతను లోహం పని తెలిసినవాడు. రంగు పూసే వ్యాపారంలోకి ఇనుము వంచే మనిషి రావడంతో ఆ కంపెనీ దారే మారిపోయింది. 1930లలో ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆర్ట్‌క్రాఫ్ట్‌తో కలిసి ఆర్ట్‌క్రాఫ్ట్ స్ట్రాస్ అయింది. మన్‌హటన్ పడమటి అంచున, పన్నెండో అవెన్యూ మీద దాని వర్క్‌షాపు ఉండేది.

జేకబ్ స్టార్ చేతి పని మొదట లోకానికి కనిపించింది 1907 డిసెంబరు 31 రాత్రి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన కొత్త భవనం పైనుంచి బాణసంచా కాల్చి ఏటా కొత్త సంవత్సరాన్ని పిలిచేది. నిప్పురవ్వలు జనం మీద పడుతున్నాయని నగరం ఆ బాణసంచాను నిషేధించింది. జనాన్ని రప్పించడానికి వేరే ఏదో కావాలి. ఓడరేవుల్లో టైమ్ బాల్ అనేది అప్పటికే పాత ఏర్పాటు. ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ పరిశోధనాశాల మీద 1833 నుంచి రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక పెద్ద బంతి స్తంభం మీదనుంచి జారేది, నదిలోని ఓడలవాళ్లు దాన్ని చూసి తమ గడియారాలు సరిచేసుకునేవారు. ఆ పద్ధతినే రాత్రికి మార్చి దీపాలు పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. స్టార్ ఇనుముతో, చెక్కతో బంతి కట్టాడు. అయిదడుగుల వ్యాసం, 700 పౌన్ల బరువు, అంటే మూడు వందల కిలోలకు పైమాట. ఒంటినిండా 25 వాట్ల బల్బులు వంద. ఆ రాత్రి చుట్టుపక్కల పెద్ద హోటళ్ల వెయిటర్లు బ్యాటరీతో పనిచేసే టోపీలు పెట్టుకున్నారు. సరిగ్గా పన్నెండింటికి వాళ్లు టోపీ ముందు భాగం తిప్పగానే చిన్న చిన్న బల్బుల్లో 1908 అన్న అంకెలు వెలిగాయి.

ఆ బంతిని ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దించింది ఈ కంపెనీ మనుషులే. మీట నొక్కితే దిగేది కాదు. పై అంతస్తు మీద, ఎముకలు కొరికే డిసెంబరు చలిలో, ఆరుగురు మనుషులు తాళ్లు పట్టుకుని నిలబడేవారు. ఒకతను స్టాప్‌వాచీ చూస్తూ లెక్క చెప్పేవాడు. కింద లక్షల కళ్లు, రేడియోల దగ్గర, తర్వాత టీవీల దగ్గర దేశమంతా. ఆ అరవై సెకన్లలో చేయి జారితే ఊరుకునేవాళ్లు లేరు. 1995లో కంప్యూటరు ఆ పని తీసుకునేదాకా ఇలాగే సాగింది. బంతి మాత్రం మారుతూ వచ్చింది. 1920లో 400 పౌన్ల ఇనప బంతి, 1955లో 150 పౌన్ల అల్యూమినియం బంతి. 1981 నుంచి కొన్నేళ్లు ఎర్ర బల్బులు, పైన పచ్చ తొడిమె పెట్టి ఆపిల్ పండులా చేశారు, న్యూయార్క్‌కు ఆ పండు ముద్దుపేరు కాబట్టి.

మళ్లీ వెనక్కి వెళదాం. ఈ కంపెనీ కాలూనుకునే రోజులకే బ్రాడ్‌వే మీద దీపాల పోటీ మొదలైంది. 1910లో నార్మండీ హోటల్ పైకప్పు మీద ఒహాయోకు చెందిన ఒక కంపెనీ రోమన్ రథాల పందెం పెట్టింది. దాదాపు 20,000 బల్బులు. గుర్రాల కాళ్లు ఆడేవి, చక్రాలు తిరిగేవి, సారథి కొరడా ఝళిపించేవాడు. కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల మీద పరుగెత్తే దీపాలు చూసినవారికి ఈ మాయ అర్థమవుతుంది. ఏ బల్బూ కదలదు. ఒకటి ఆరి పక్కది వెలిగితే కన్నే దాన్ని కదలికగా తీసుకుంటుంది. ఆ రోజుల్లో ఆ వరుసను నడిపించింది మోటారు తిప్పే డ్రమ్ము. డ్రమ్ము ఒంటి మీద రకరకాల పొడవుల లోహపు పట్టీలు, వాటిని రాసుకుంటూ వేళ్లలాంటి కాంటాక్టులు. పట్టీ తగిలినంతసేపు దీపం వెలుగుతుంది, పట్టీ దాటగానే ఆరుతుంది. బొమ్మ ఎలా కదలాలో అంతా ఆ పట్టీల కొలతల్లోనే ఉంది. కొలత తప్పితే గుర్రం కుంటుతుంది.

1928 నవంబరులో టైమ్స్ భవనం చుట్టూ పరుగెత్తిన వార్తల పట్టీ కూడా ఇలాంటి యంత్రమే. 14,800 బల్బులు, అయిదడుగుల ఎత్తు అక్షరాలు. లోపల ఒక గదిలో మనుషులు ముద్రణాలయంలో అక్షరాలు పేర్చినట్టే లోహపు అక్షరాలు చట్రాల్లో పేర్చేవారు. గొలుసు మీద ఆ చట్రాలు కదులుతూ కాంటాక్టులను రాసుకుంటూ పోతే, అదే అక్షరం బయట గోడ మీద వెలుగుతూ పరుగెత్తేది. హెర్బర్ట్ హూవర్ అధ్యక్షుడిగా గెలిచిన సంగతి చాలామంది న్యూయార్క్ జనం రోడ్డు మీద నిలబడి అలా చదివారు.

ఇక నియాన్. బల్బు పాతబడి నియాన్ వచ్చాక ఆర్ట్‌క్రాఫ్ట్ వర్క్‌షాపులో గాజు వంచేవాళ్లు ముఖ్యమయ్యారు. ఈ పని చూడదగ్గది. సన్నటి గాజు గొట్టాన్ని గ్యాసు మంట మీద తిప్పుతూ వేడెక్కిస్తారు. మెత్తబడగానే కింద పరిచిన గీతబొమ్మకు సరిగ్గా వచ్చేలా చేత్తో వంచుతారు. వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోకుండా, పనివాడు నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంతో లోపలికి మెల్లగా గాలి ఊదుతుంటాడు. చల్లారేలోపు, అంటే కొన్ని సెకన్లలో, వంపు తిరిగిపోవాలి. తర్వాత లోపలి గాలంతా లాగేసి, ఎరుపు కావాలంటే నియాన్, నీలం కావాలంటే కాస్త పాదరసంతో ఆర్గాన్ నింపుతారు. రెండు కొసలా ఎలక్ట్రోడ్లు పెట్టి, వేల వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మరుకు కలుపుతారు. ఈనాటికీ నియాన్ గొట్టం వంచేది మనిషి చెయ్యే. 1936లో టైమ్స్ స్క్వేర్‌లో ఒక వీధి పొడవునా వెలిగిన రిగ్లీ చూయింగ్ గమ్ బోర్డు ఈ పనివాళ్లదే. రంగురంగుల చేపలు ఈదుతున్నట్టుండే ఆ బోర్డును గీసింది డొరోతీ షెపర్డ్ అనే చిత్రకారిణి. మగవాళ్ల కోటలాంటి ఆ వ్యాపారంలో ఆమె పేరు నిలవడం చెప్పుకోవలసిన విషయం.

డగ్లస్ లీ 1907లో అలబామా రాష్ట్రంలోని ఆనిస్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇరవై మూడేళ్లకు న్యూయార్క్ వచ్చి ఒక ప్రకటనల కంపెనీలో చేరి, 1933లో, దేశమంతా మాంద్యంతో అల్లాడుతున్న రోజుల్లో, ఉద్యోగం మానేశాడు. అదే ఏడు టైమ్స్ స్క్వేర్‌లో ఏ అండ్ పీ కంపెనీ కాఫీ కోసం పెద్ద కప్పు బొమ్మ పెట్టించాడు. కప్పులోంచి నిజంగానే ఆవిరి లేచేది. చలిలో వణుకుతూ పనికోసం తిరుగుతున్న జనానికి పైన పొగలు కక్కే కాఫీ కనిపిస్తే ఏమనిపిస్తుందో అతనికి తెలుసు. అతని తెలివంతా అక్కడే ఉంది. వస్తువు బొమ్మ చూపిస్తే సరిపోదు, వీధిలో ఏదో ఒకటి జరగాలి అన్నది అతని నమ్మకం. ఆవిరి లేవాలి, నీళ్లు దూకాలి, సబ్బు బుడగలు ఎగరాలి. సూపర్ సడ్స్ సబ్బుకోసం నిజంగా బుడగలే వదిలించాడు. అతను ఒక మాట అనేసి వెళ్లిపోతే, అది గాలికి ఊడి జనం నెత్తిన పడకుండా నిలబెట్టవలసింది స్టార్ మనుషులు. గాలి తోపుడెంత, ఇనప కమ్మి మందమెంత, ఆవిరి తగిలి ఏది తుప్పు పడుతుంది, పైకప్పు ఎంత బరువు మోస్తుంది. ఊరికి కనపడని లెక్కలివి.

వాళ్ల పనితనానికి పరాకాష్ఠ బాండ్ బట్టల దుకాణం మీద 1948లో పెట్టిన జలపాతమని చెప్పాలి. దుకాణం పైకప్పు మీద 27 అడుగుల ఎత్తునుంచి వందడుగులకు పైగా వెడల్పున నిజం నీళ్లు దూకేవి. 50,000 గ్యాలన్లు, దాదాపు 1,90,000 లీటర్ల నీరు. కింద పడ్డ నీటినే పంపులు మళ్లీ పైకి తోడేవి. చలికాలంలో గడ్డకట్టకుండా కార్ల రేడియేటర్లలో పోసే లాంటి ద్రవం కలిపేవారు. అటు ఒకటి ఇటు ఒకటి ఏభై అడుగుల స్త్రీ, పురుషుల బొమ్మలు. రాత్రి దీపాల వరుసలే వాటికి బట్టలు. పగలు ఆ బట్టలు లేవు. ఎదురుగా ఆస్టర్ హోటల్‌లో దిగినవాళ్లు అభ్యంతరం చెప్పారు. 1955లో పెప్సీ ఆ చోటు తీసుకుని బొమ్మల స్థానంలో రెండు పెద్ద సీసాలు నిలబెట్టింది, జలపాతాన్ని మాత్రం ఉంచుకుంది. పంపు, నీటి తొట్టి, వైరింగ్ అన్నీ ఒకే పైకప్పు మీద, కింద దుకాణంలోకి చుక్క కారకుండా ఏళ్ల తరబడి నడిపిన ఆ ప్లంబర్లకు, ఎలక్ట్రీషియన్లకు ఆనాటి పత్రికలు పెద్ద వ్యాసాలే రాయాల్సింది.

యుద్ధం వచ్చినప్పుడు ఈ పని మరో రకంగా పరీక్షకు నిలబడింది. 1942లో న్యూయార్క్ తీరం దగ్గర జర్మన్ జలాంతర్గాములు తిరుగుతున్నాయి. నగరం వెలుగు వెనక ఉంటే సముద్రం మీద ఓడలు నల్లగా, గురి చూసి కొట్టడానికి వీలుగా కనిపిస్తున్నాయి. దాంతో బోర్డుల దీపాలు ఆర్పించారు. బ్రాడ్‌వే చీకటి పడింది. క్యామెల్ మనిషికి మాత్రం ఆ ఇబ్బంది లేకపోయింది. అతని ఆవిరికి దీపం అక్కర్లేదు, పగలంతా రింగులు వదులుతూనే ఉన్నాడు. యుద్ధంలో అతనికి ఒకసారి సైనికుడి దుస్తులు, ఒకసారి నావికుడివి, ఒకసారి విమానదళం వాడివి వేసేవారు. 1942, 1943 సంవత్సరాల చివరి రాత్రులు బంతి దిగలేదు. జనం అయినా వచ్చారు. ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. తర్వాత టైమ్స్ భవనం కింద నిలిపిన లౌడ్‌స్పీకర్ల బండ్ల నుంచి గంటలు మోగాయి.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఇంత గొప్ప పనితనం అమ్మింది సిగరెట్లను. సైనికుడి యూనిఫాం వేసి, పిల్లలూ పెద్దలూ ఆగి చూసేలా చేసి, పొగ తాగడం వేడుకలాంటిదని చెప్పింది. పొగాకు క్యాన్సర్‌కు కారణమని అమెరికా ప్రభుత్వపు ముఖ్య వైద్యాధికారి నివేదిక 1964 జనవరిలో వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకే ఆ బోర్డు దిగిపోయింది. అమెరికాలో పొగాకు హోర్డింగులు పూర్తిగా పోవడానికి 1999 దాకా పట్టింది. మన దేశంలో 2003 చట్టం వాటిని నిషేధించింది. ఆ నిషేధం సరైనదే. క్లారిడ్జ్ గోడ వెనక పిస్టన్ అమర్చిన మెకానిక్ తెలివిని మెచ్చుకోవడానికి ఆ సిగరెట్టును మెచ్చుకోవలసిన అవసరం లేదు.

1970లకు టైమ్స్ స్క్వేర్ కళ తప్పింది. 1976లో టైమ్స్ భవనం మీద కంప్యూటరుతో నడిచే తెర ఒకటి వచ్చింది. ఆ చుట్టుపక్కల పాత కట్టడాలు కూల్చి ఆఫీసు భవంతులు కట్టాలన్న ప్రణాళికలు నడిచాయి. అద్దాల గోడల ఆఫీసులొస్తే దీపాలకు చోటుండదు. 1984లో ఒక శనివారం సాయంత్రం, నగరంలోని ఒక కళాభిమానుల సంఘం పిలుపు మీద, బోర్డుల యజమానులు అరగంటసేపు దీపాలన్నీ ఆర్పేశారు. ఒక్క తెర మాత్రం వెలిగి, ఇక్కడ చీకటిగా ఉందని, టైమ్స్ స్క్వేర్ దీపాలు కాపాడమని మేయరుకు విన్నవించింది. 1987లో చట్టమే మారింది. అక్కడ కట్టే కొత్త భవనాలు ఇంత కొలతన, ఇంత వెలుగుతో ప్రకటన బోర్డులు పెట్టి తీరాలని నగరం నియమం చేసింది. ప్రకటన బోర్డులు తీసేయమనే నగరాలు ఎన్నో ఉన్నాయి. పెట్టమని శాసించడం అరుదు. అప్పటికి ఆర్ట్‌క్రాఫ్ట్ పగ్గాలు జేకబ్ మనవరాలు టామా స్టార్ చేతిలో ఉన్నాయి. ఆమె 1982లో అధ్యక్షురాలైంది, తర్వాత 1998లో ఎడ్వర్డ్ హేమన్‌తో కలిసి ఈ బోర్డుల చరిత్ర పుస్తకంగా రాసింది.

చట్టం దీపాలను కాపాడింది గాని వర్క్‌షాపును కాపాడలేకపోయింది. ఎల్‌ఈడీ తెరలు చవకయ్యాక గాజు వంచేవాళ్లతో, పంపు బిగించేవాళ్లతో పనిలేకుండా పోయింది. ఒక బోర్డుకు నెలలు పట్టే చోట, ఒక తెర మీద గంటకు పదిరకాల ప్రకటనలు వెయ్యొచ్చు. వ్యాపారం చేసేవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు. 2006లో ఆర్ట్‌క్రాఫ్ట్ స్ట్రాస్ తయారీ ఆపేసి, తన దగ్గర మిగిలిన పాత బోర్డుల భాగాలను వేలం వేసింది.

తెరల వల్ల లాభం పొందినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 2023 మేలో ఎన్టీఆర్ శతజయంతికి ప్రవాసాంధ్రులు ఆయన బొమ్మను టైమ్స్ స్క్వేర్ తెర మీద వేయించుకున్నారు. క్యామెల్ కాలంలో ఇది కలలోని మాట. అంత డబ్బు పెట్టి, అన్ని నెలలు ఆగి బోర్డు కట్టించగలిగింది పెద్ద కంపెనీలే. ఇప్పుడు అభిమానుల సంఘం కూడా కొన్ని సెకన్లు కొనుక్కోగలదు. ఇది మంచి మార్పే. కానీ తెర మీద కప్పు కనిపిస్తే అందులోంచి లేచే ఆవిరి కూడా బొమ్మే. వీధిలో చలి గాలికి అది పక్కకు వంగదు. జలపాతం పడితే ఎవరి ముఖానా తుంపర తగలదు. లీ, స్టార్ మనుషులు కలిసి అమ్మినదాంట్లో విలువైన సగం అదే, వీధిలో నిజంగా ఒక సంఘటన జరగడం. ఆ సగానికి ఇంకా వారసులు రాలేదు.

లీ 1999 డిసెంబరులో, తొంభై రెండేళ్ల వయసులో చనిపోయాడు. చివరి దశాబ్దాల్లో అతను ప్రకటనలు వదిలి భవనాల మీద పడ్డాడు. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భంగా ఎంపైర్ స్టేట్ భవనం పైభాగాన్ని ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వెలిగించిన పథకం అతనిదే. పండుగకో రంగు వేసే ఆనవాయితీ అక్కణ్నించే బలపడింది. ఆగస్టు 15న అక్కడి భారతీయులు తలెత్తి చూసే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఆ వరుసలోవే. 2012లో అక్కడా ఎల్‌ఈడీలు వచ్చేదాకా ఈ రంగు ఏదీ మీట నొక్కితే రాలేదు. రంగు మార్చాల్సిన ప్రతిసారీ పనివాళ్లు పైకెక్కి, పెద్ద దీపాల ముందు రంగు ఫిల్టర్లు ఒక్కొక్కటిగా చేత్తో బిగించేవారు. దానికి గంటలు పట్టేది.